డబ్బాలో పంపిన ఇంటర్వ్యూ

“మేడమ్, మంచం బిగించేశాను. ఒక బోల్టు మిగిలింది.”

“మిగలదండీ. ఎక్కడో పెట్టడం మరిచిపోయుంటారు.”

“లేదు మేడమ్, రాయిలా నిలబడింది.”

“దాని మీద ఎవరైనా కూర్చున్నారా?”

“ఇదిగో, మా ఆవిడ కూర్చోబోతోంది...”

ఆ తర్వాత ఫోనులో వినిపించిన చప్పుడు కోడలికి కొత్త కాదు. రోజుకు నాలుగైదుసార్లు వింటుంది. చప్పుడు వెనకే వచ్చే తిట్లు కూడా కొత్తవి కావు. కాకపోతే అవి మంచం చేసినవాళ్లకో, బిగించిన మొగుడికో తేలేలోపే ఫోను కట్టయిపోతుంది.

వాళ్ల షెడ్డులో తయారయ్యేవి ఇనప మంచాలు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, పన్నెండు అడ్డకమ్మీలు, నలభై బోల్టులు విడివిడిగా పెట్టెలో పెట్టి పంపిస్తారు. కొన్నవాళ్లు ఇంట్లో బిగించుకోవాలి. పెట్టె మీద ‘పది నిమిషాల పని’ అని అత్తగారు అచ్చువేయించింది. పది నిమిషాల్లో బిగించిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్న ఫిట్టరు బాబాయికే పన్నెండు నిమిషాలు పడుతుంది, అదీ పక్కన ఎవరూ మాట్లాడకపోతేనే.

అందుకే రోజుకు అరవై ఫోన్లు. అన్నిటికీ కోడలే దిక్కు. ఆఫీసు గదికీ ఇనుము కోసే మిషనుకూ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. మిషను కేక పెట్టినప్పుడల్లా అవతలివాళ్లు, “ఏమ్మా, అక్కడ ఎవరినైనా కోస్తున్నారా?” అని అడిగేవాళ్లు. ఈమె అంతకన్నా గట్టిగా అరిచి జవాబు చెప్పేది. అరిచి అరిచి గొంతు ఎంత మొరటైందంటే, ఇంట్లో మొగుణ్ణి మంచినీళ్లు అందించమన్నా పక్కింటివాళ్లు తగువు తీర్చడానికి వచ్చేవాళ్లు.

ఆ మొగుడు మంచాలకు రంగులు వేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. చెవుల మీద మాత్రం ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది.

ఇంతలో ఒక హాస్టలు నుంచి రెండంతస్తుల మంచాలు నూట ఇరవైకి ఆర్డరు వచ్చింది. అటు ఆర్డరు చూసుకోవాలి, ఇటు ఫోను పట్టుకోవాలి. కోడలు ఉక్కిరిబిక్కిరి అవుతుంటే అత్తగారు పిలిపించింది.

మామగారు పోయాక వెల్డింగు అద్దాలు తానే పెట్టుకుని షెడ్డు నిలబెట్టిన మనిషి ఆవిడ. ఇప్పుడు మోకాళ్లు సహకరించక పక్క వీధిలో ఇంటిపట్టునే ఉంటోంది కానీ, షెడ్డులో సుత్తి చప్పుడు కాసేపు ఆగిందంటే ఇంట్లోంచే కేకేస్తుంది.

“నెల రోజులు చూస్తాను. ఫోనుకి ఒక మనిషిని వెతుక్కో. దొరక్కపోతే మా అన్నయ్య కొడుకు ఖాళీగానే ఉన్నాడు. వచ్చి ఆఫీసులో కూర్చుంటాడు,” అంది.

ఆ అన్నయ్య కొడుకు ఖాళీగా లేని రోజును చుట్టాల్లో ఎవరూ చూడలేదు. అతనికి రాని పని లేదు, చేసిన పనీ లేదు. ఒకరు వంట చేస్తుంటే పొయ్యి పక్కన, ఒకరు బండి బాగుచేస్తుంటే చక్రం పక్కన నిలబడి సలహాలిస్తాడు. అందుకే అతని అసలు పేరు అందరూ మరిచిపోయి సలహాల్రావు అంటారు. అలాంటివాణ్ణి ఒకసారి కూర్చోబెట్టారా, లేపాలంటే కుర్చీతో సహా ఎత్తి బయట పెట్టాలి. ఆఫీసులో ఉన్నదేమో ఒకే ఒక్క కుర్చీ. ఏడేళ్లు కష్టపడి కోడలు సంపాదించుకున్న కుర్చీ అది.

ఆ గోలలో కూర్చుని ఫోను పట్టుకోవడానికి ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. సరే, దూరాన ఎక్కడో తన ఇంట్లోనే కూర్చుని పనిచేసే మనిషైతే మిషను బాధ ఉండదు కదా అనుకుని ప్రకటన వేసింది. ‘ఇంటి నుంచే పని. నిశ్శబ్దమైన ఇల్లు, ఓపికైన గొంతు కావాలి.’ దూరపు ఉద్యోగులను పెట్టుకునేటప్పుడు జరిగే పది పొరపాట్లంటూ ఇంటర్నెట్లో ఎవరో రాసింది కూడా చదివి, కాగితం మీద తీయించుకుంది. పదింటిలో తొమ్మిది పొరపాట్లు జరక్కుండా కాచుకుంది. పదోదాని దగ్గర ఫిట్టరు బాబాయి అడ్డం వచ్చాడు. ఆ సంగతి తర్వాత.

వీడియోలో నలభై మందిని చూసింది. ఒకాయన వెనక సముద్రం బొమ్మ పెట్టుకున్నాడు. తల తిప్పినప్పుడల్లా ఒక చెవి నీళ్లలో మునిగిపోయేది. ఇంకొకాయన కదిలే బస్సులోంచి మాట్లాడాడు.

“నిశ్శబ్దమైన ఇల్లు అన్నాం కదండీ?”

“బస్సు దిగితే ఇల్లే కదా మేడమ్!”

ఒకావిడ వెనక పంజరంలో చిలక ఉంది. అడిగిన ప్రతిదానికీ ఆవిడకన్నా ముందు చిలకే ‘తప్పకుండా, తప్పకుండా’ అంది. కోడలికి ఒక్క క్షణం చిలకనే పెట్టుకుందామా అనిపించింది.

చివరికి ముగ్గురు మిగిలారు. వాళ్లతో ఒక కస్టమరు ఫోను మాట్లాడించి చూద్దాం అనుకుంటుండగా బాబాయి మీసం తుడుచుకుంటూ వచ్చాడు.

“బోల్టులు ఏరించావా?”

“ఇది ఫోను ఉద్యోగం బాబాయ్.”

“ఫోనులో మాట్లాడేది దేని గురించి? మంచం గురించేగా? మంచమంటే ఏంటి? బోల్టులు. చేతికి తెలియంది నోటికేం తెలుస్తుందమ్మా!”

ఆ మాట వినడానికి ఎంత సొంపుగా ఉందంటే, అది ఈ పనికి అతకదని తట్టడానికి కోడలికి మూడు వారాలు పట్టింది.

బోల్టులు ఏరకుండా ఆ షెడ్డులో ఎవరూ చేరలేదు. నాలుగు సైజుల బోల్టులు మూడు వందలు డబ్బాలో కలిపి పోస్తారు. వాటిలో మర చెడినవి మూడు దాచిపెడతారు. కొలబద్ద ముట్టుకోకుండా, ఉత్త వేళ్లతో, ఇరవై నిమిషాల్లో వేటికవి వేరుచేయాలి. “మీ మామగారు నాకు పెట్టారీ పరీక్ష. నేను నీ మొగుడికి పెట్టాను. రెండుసార్లు తప్పాడు. అందుకే రంగులేసుకుంటున్నాడు,” అన్నాడు బాబాయి. మొగుడు ఆ మాట విని, కాదనకుండా ఇంకో కోడుకు రంగు పూశాడు.

మూడు డబ్బాలు కట్టారు. ఒక్కొక్కటి ఆరు కిలోలు. ‘డబ్బాలోవి ఏరి వీడియోలో చూపించాలి’ అని చీటీ రాసి పెట్టారు. కొరియరు అతను డబ్బా ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

“ఏముందమ్మా ఇందులో?”

“ఇంటర్వ్యూ.”

“పగిలేదా?”

“అవతలివాళ్లని బట్టి ఉంటుంది.”

పరీక్ష రోజు బాబాయి కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. “మొహాలతో మనకేం పని? కెమెరా చేతుల మీద పెట్టమను.”

మొదటి అభ్యర్థి బోల్టులను ఎనిమిది కుప్పలు చేశాడు. “నాలుగే సైజులు కదయ్యా?” అంటే, “ఈ నాలుగూ సైజులండీ. ఈ నాలుగూ నాకు చూడగానే నచ్చినవి,” అన్నాడు. రెండో అభ్యర్థి శుభ్రంగా నాలుగు కుప్పలు చేసింది కానీ, మెరిసేవి ఒకవైపు, మెరవనివి ఒకవైపు పెట్టింది.

మూడో అభ్యర్థి ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. పొడుగు చేతుల చొక్కా. తెర మీద వేళ్లు కదిలాయి. కదిలాయనడం తప్పు, పరిగెత్తాయి. రాళ్లలో గింజలు ఏరే కోడిముక్కులా టకటకమని ఏరి పదకొండు నిమిషాల్లో నాలుగు కుప్పలు పోసి, పక్కన మర చెడినవి నాలుగు పెట్టాయి.

“మనం పెట్టింది మూడేగా?” అంది కోడలు.

బాబాయి లెక్క చూసుకున్నాడు. నాలుగోది ఆయన కంటికే ఆనలేదు. కళ్లజోడు తీసి కళ్లొత్తుకున్నాడు. “మీ మామగారు వెళ్లిపోయాక ఇలాంటి చేతులు మళ్లీ చూడలేదమ్మా.”

“ఇరవై నాలుగేళ్లవాడి చేతులు కొంచెం ముడతలు పడినట్టు లేవూ?”

“పనిచేసిన చేతులు అలాగే ఉంటాయి. నీ మొగుడి చేతులు చూడు, ఎంత నున్నగా ఉన్నాయో.”

అంతే. ఇంకొక్క ప్రశ్న అడక్కుండా కుర్రాణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్నారు. చూసి నేర్చుకోవడానికి ఒక మంచం కూడా పెట్టెలో పంపారు.

వారం రోజులు షెడ్డుకు పట్టిన దయ్యం వదిలినట్టయింది. ఫోన్లన్నీ కుర్రాడికే వెళ్లేవి. ఒకసారి చేసినవాళ్లు రెండోసారి చేసి తిట్టలేదు. కోడలి గొంతు కోలుకుంది. మొగుడు, “నీ గొంతు ఇలా ఉంటుందా?” అని ఆశ్చర్యపోయాడు.

నెల గడువు తీరే రోజు పొద్దున, అత్తగారికి చెప్పుకోవడానికి పనికొస్తుందని కోడలు ఒక కస్టమరుకు ఫోను చేసింది.

“మంచం ఎలా ఉందండీ?”

“పెట్టెలోనే ఉందమ్మా. మీ అబ్బాయి మాత్రం బంగారం! మా అల్లుడు ఎలా సతాయిస్తున్నాడో గంటసేపు చెప్పాను, ఒక్కసారి కూడా అడ్డురాలేదు.”

కోడలు ఇంకొకరికి చేసింది. ఆ మంచం కోళ్లు పైకీ, పడుకునే వైపు కిందికీ ఉందట. “అబ్బాయి ‘అయ్యో’ అన్నాడమ్మా. ఆ అనడంలో ఎంత ఆప్యాయతో!” ఏడుగురికి చేసింది. ఏడు మంచాలూ నేలమీదే ఉన్నాయి, ఏడు మనసులూ కుదుటపడ్డాయి.

వెంటనే కుర్రాడికి వీడియో కలిపింది. ఈసారి చేతులు కాదు, మొహం కనబడింది. గుండ్రటి, అమాయకపు మొహం.

“బాబూ, పట్టెకు వేసే పొడుగు బోల్టు ఒకటి చూపించు.”

కుర్రాడు వెతికి వెతికి ఒక వాషరు ఎత్తి చూపించాడు.

“అది వాషరు నాయనా. ఆ రోజు మూడు వందలు ఏరావు కదా?”

“ఏరింది అమ్మండీ.”

“అమ్మా?”

“ఏరి చూపించాలని చీటీ వచ్చింది కదండీ. ఎవరు ఏరాలో రాయలేదు. మా ఇంట్లో ఏరే పనులన్నీ అమ్మవే. ముప్పై ఏళ్లు గుండీల ఫ్యాక్టరీలో గుండీలు ఏరింది. ఏరడానికి కూర్చుంటే ఇప్పటికీ ఆ ఫ్యాక్టరీ చొక్కానే వేసుకుంటుంది. మీరు పంపిన మంచం బిగించింది కూడా అమ్మేనండీ. దాని మీద పడుకుంటున్నది కూడా...”

“అమ్మే,” అని పూర్తిచేసింది కోడలు. “మరి ఫోనులో అడిగేవాళ్లకి నువ్వేం చెబుతున్నావు?”

“నాకేం తెలుసని చెప్తానండీ? వాళ్లు చెప్పేది వింటున్నాను.”

కోడలు నోరు తెరిచేలోపు వాకిట్లో ఆటో ఆగింది. మోకాళ్లు పట్టుకుంటూ అత్తగారు దిగింది. వెనకే సలహాల్రావు. కాఫీ కప్పు కూడా తనదే తెచ్చుకున్నాడు. వస్తూనే కుర్చీ ఎత్తు సరిచూసి, “కిటికీ వైపు తిప్పుకుంటే బావుంటుంది చెల్లెమ్మా,” అన్నాడు.

అదే సమయానికి, ముందు రోజే మంచాలు అందుకున్న హాస్టలు వార్డెను ఆఫీసుకే ఫోను చేశాడు. “పై మంచం ఉయ్యాలలా ఊగుతోంది! సాయంత్రంలోగా సంగతి తేల్చకపోతే నూట ఇరవయ్యీ లారీ ఎక్కించి మీ గుమ్మంలో దింపుతాను!”

“కంగారు పడకండి! ముందు పొడుగు బోల్టు—” అని అరిచింది కోడలు. రేకు గోడ అవతల మిషను కూడా అరిచింది.

“ఏంటీ? ఎవరిని కోస్తున్నారు?”

అత్తగారు కోడలిని చూసింది. సలహాల్రావు కుర్చీని చూశాడు.

కోడలు ఫోను ఒక చేత్తో మూసి, తెరలో ఇంకా బిక్కుబిక్కుమంటున్న కుర్రాడితో, “మీ అమ్మగారిని పిలువు. ఆ హాస్టలాయనతో మాట్లాడాలి,” అంది.

తెర పక్కనుంచి ఒక గొంతు వినబడింది. “నావల్ల కాదమ్మా. మనిషి ఎదురుగా లేకపోతే నాకు మాట పెగలదు. చేతులతో అయితే చూపిస్తాను.”

“చేతులే చూపించండమ్మా. మాట మీ అబ్బాయిది.”

వార్డెనును కూడా వీడియోలోకి లాగారు. అక్కడ చూస్తే కొంప మునిగింది ఎక్కడో తెలిసింది. సంచుల్లో వేరువేరుగా పంపిన బోల్టులన్నీ, పని తొందరగా అవుతుందని, హాస్టలు వాళ్లు ఒకే పెద్ద బకెట్లో గుమ్మరించారు. పొడుగువి పోవలసిన చోట పొట్టివి పోయాయి.

“చూశారా! నేను మొదట్నుంచీ మొత్తుకోవడం లేదూ?” అని బాబాయి మీసం మెలేశాడు. ఆయన మొత్తుకున్నది వేరే సంగతి అయినా, ఆ క్షణంలో కాదనే తీరిక ఎవరికీ లేదు.

తెర మీద ఆ చేతులు నేలమీద దుప్పటి పరిచాయి. హాస్టలు వాళ్లూ పరిచారు. చేతులు బొటనవేలి పక్కన బోల్టు ఆనించి చూపించాయి. గోరు దాటితే పట్టెకు, దాటకపోతే కమ్మీకి. కుర్రాడు మెత్తగా చెబుతూ వచ్చాడు. “తొందరేం లేదు సార్. చిన్న వేలు కాదు, బొటనవేలు. అదీ. భోంచేశారా? చేసి రండి, మంచం ఎక్కడికీ పోదు. ఊగడం ఎలాగూ ఆపేస్తాం.” పొద్దున గుమ్మంలో దింపుతానన్న వార్డెను, మధ్యాహ్నానికి తన నడుం నొప్పి సంగతి కుర్రాడికి చెప్పుకుంటూ బోల్టులు బిగించాడు.

నాలుగు గంటలకు వార్డెను మళ్లీ వీడియోలోకి వచ్చాడు. “అన్నిటికన్నా బరువైనవాడని మా వంటాయన్ని పై మంచం ఎక్కించి చూశాం. ఊగలేదు.”

“సంతోషం సార్,” అన్నాడు కుర్రాడు.

“సంతోషమే. కానీ ఆయన నిద్రపోయాడు. రాత్రికి వంటెవరు చెయ్యాలి?”

షెడ్డులో అందరూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు, ఒక్క సలహాల్రావు తప్ప.

“అత్తా, నువ్వు చూసుకోమన్నది ఒక మనిషిని. ఇక్కడ ఇద్దరు తేలారు. పైగా ఒకరు రాయాల్సిన పరీక్ష ఇంకొకరు రాశారు. ఇది మోసం కాదూ?”

అత్తగారు కోడలి వైపు తిరిగింది. “ఏం చెబుతావు?”

తప్పు బాబాయి మీదికి తోసెయ్యడం చిటికెలో పని. బాబాయి అప్పటికే ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు కూడా. కోడలు తోసెయ్యలేదు.

“మోసం కాదత్తయ్యా, మన తెలివితక్కువ. ఫోనులో మాట్లాడే మనిషి కావాలని చెప్పి, పరీక్షలో ఒక్క మాట మాట్లాడించలేదు. ఆ రోజు మొహం చూడలేదు, ఏరుతున్నది ఎవరో తెలుసుకోలేదు. చేతులు చూసి మురిసిపోయాం. వాళ్లని ఒక్క కస్టమరుతో మాట్లాడించి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. నా కాగితంలో పదో పొరపాటు అదే.”

“అంటే, చెయ్యాల్సిన పని ఒకసారి చేయించి చూస్తే చాలంటావు.”

“చాలు.”

“మరి వీణ్ణి కూడా చూద్దాం,” అని అత్తగారు అప్పుడే మోగిన ఆఫీసు ఫోను తీసి మేనల్లుడి చేతిలో పెట్టింది. “మాట్లాడు. అందరికీ వినబడేలా పెట్టు.”

సలహాల్రావు గొంతు సవరించుకుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

“అయ్యా, మంచం తెగ కిర్రుమంటోందండీ. రాత్రి పక్కకు తిరిగినా చాలు, పొద్దున పక్కింటాయన నన్ను చూసి అదోలా నవ్వుతున్నాడు,” అంది ఫోను.

“అసలు మీరు మంచం మీద ఎందుకు పడుకుంటున్నారు?” అన్నాడు సలహాల్రావు.

“మరెక్కడ పడుకోమంటారు?”

“నేల మీద. నడుముకి నేలను మించిన మందు లేదు. నేను పదేళ్లుగా నేలమీదే. మంచమంటే ఉత్త దండగ. ఆ పక్కింటాయనకి కూడా చెప్పండి.”

“నిజమేనండోయ్! అయితే ఈ మంచం రేపే వచ్చి తీసుకుపోండి.”

నోట్లో నాలుక లేని మొగుడు కూడా, “బావా!” అన్నాడు.

“ఒరేయ్,” అంది అత్తగారు నెమ్మదిగా, “మంచాలు చేసేచోట కూర్చుని నేల అమ్ముతావట్రా?”

“నిజం చెప్పకూడదా అత్తా?”

“చెప్పు. ఆటోలో కూర్చుని చెప్పు. నేనొస్తున్నాను.”

సలహాల్రావు వెళ్తూ వెళ్తూ కూడా, ఆటో హ్యాండిలు కొంచెం ఎడమకు లాగుతోందని డ్రైవరుకు చెప్పాడు.

కోడలు తెర ముందు కూర్చుంది. “అమ్మా, మీరు మా దగ్గర చేరాలి. మీ పేరుతో, మీ ఉద్యోగంగా. అబ్బాయిది అబ్బాయిదే. ముందు మిమ్మల్ని ఒకసారి చూడనివ్వండి.”

కెమెరా మెల్లగా పైకి లేచింది. కళ్లజోడు, బిగించి కట్టిన జుట్టు, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న మొహం. ఎదురుగా మనిషి కనబడగానే ఆవిడకు మాట వచ్చేసింది. వచ్చిన మాట ఇక ఆగలేదు.

“చేరతాను గానీ, ముందే ఒక మాట. రెండు నుంచి మూడు దాకా నేను నిద్రపోతాను. ఆ గంటలో ఎవరి మంచం విరిగినా నన్ను లేపకూడదు.”

కోడలు అలవాటు కొద్దీ గుమ్మం వైపు చూసింది. అత్తగారు ఆటో ఎక్కుతూ, “నన్ను చూస్తావేం? కుర్చీలో ఉన్నది నువ్వా నేనా?” అంది.

కోడలు తెర వైపు తిరిగింది.

“మధ్యాహ్నమే ఎక్కువ ఫోన్లు వస్తాయమ్మా. రెండు నుంచి రెండున్నర.”

“మూడు.”

“రెండున్నర. పైన అయిదు నిమిషాలు.”

“అయిదు నిమిషాలు ఆవలింతలకే సరిపోవు. పడుకునేది మీ మంచం మీదే కదమ్మా, బావుందనే కదా నిద్ర పడుతోంది!”

కోడలు ఇంకో అరగంట బేరమాడి, రెండూ యాభైకి ఖాయం చేసింది.